కొండకు ఒంట్లో బాగలేదు

మా నాన్నకు, అంటే మేము ఇంట్లో పిలుచుకునే అబ్బాకు, ఒక గొప్ప ఉండేది. నన్నారి గడ్డల మూట అంగడి ముందు దిగగానే తానే స్వయంగా విప్పి, లావు గడ్డల్ని ఒక పక్కకు, సన్నవాటిని ఇంకో పక్కకు వేసేవారు. సన్నవి నాలుగు కనిపించాయంటే తెచ్చినవాళ్ళ పని అయిపోయినట్టే.

"బిడ్డగడ్డలు తేవద్దని ఎన్ని మార్లు చెప్పినాను? అవి పెరగాల. పెరిగినవాటినే తవ్వాల. పసిబిడ్డల్ని తవ్వుకొస్తే పాపం తగలదా?" అనేవారు.

అంగట్లో షర్బత్ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకొని తలలూపేవారు. వ్యాపారం చేసుకునే మనిషికి కొండ మీద ఇంత దయ ఉండటం చూసి ముచ్చటపడేవారు. చిన్నప్పుడు నేనూ ముచ్చటపడ్డాను. బళ్ళో స్నేహితురాళ్ళకు చెప్పుకొని మురిసిపోయాను కూడా.

మాది తిరుపతి పాతబజారు వైపు ఒక చిన్న షర్బత్ అంగడి. తాత పెట్టింది. నన్నారి అనగానే చాలామంది సన్నటి తీగకు వచ్చే సుగంధిపాల వేరు అనుకుంటారు. మేము వాడేది అది కాదు. చంద్రగిరి వెనక కొండల్లో, బండల సందుల్లో వేళ్ళు దించి, పక్కనున్న చెట్టు మీదికి పాకే ఒక పెద్ద తీగ ఉంది. తుంచితే పాలు కారతాయి. దాని వేరు నేలలో గడ్డగా ఊరుతుంది. వేలు లావు నుంచి ముంజేతి లావు దాకా ఉంటుంది. దాన్ని కడిగి, రోట్లో నలగ్గొట్టి, నడిమి నారను పారేసి, కండను నీళ్ళలో నానబెట్టి, కాచి, చక్కెర పాకంలో కలిపితే మా షర్బత్. గడ్డలు దంచిన రోజు వీధి మలుపు తిరగ్గానే వాసన తెలిసిపోయేది. అలిపిరి నుంచి నడిచి కొండెక్కి దిగొచ్చిన యాత్రికులు, కాళ్ళు ఈడ్చుకుంటూ ఆ వాసన పట్టుకొని మా అంగడికి వచ్చేవాళ్ళు. రంజాన్ నెలలో మాత్రం సాయంత్రం మొదటి బిందె మసీదుకు వెళ్ళాకే మిగతావాళ్ళకు పోసేది.

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకొని, బడికి పోయి పిల్లలకు తెలుగు చెప్పే ఉద్యోగం నాది. అత్తగారిల్లు కూడా ఊళ్ళోనే కాబట్టి సెలవుల్లోనూ, రంజాన్ సాయంత్రాల్లోనూ అంగట్లో కూర్చునేదాన్ని. నిమ్మకాయలు పిండటం, గ్లాసులు అందించటం, అబ్బా కోపాన్ని చల్లార్చటం నా వంతు. మూడోదే కష్టం.

గడ్డలు తెచ్చేది కొండ కింద పల్లెలో ఉండే ఒక మనిషి. ఆమె అబ్బాను అన్నా అని, మా అమ్మను, అంటే అమ్మీని, వదినా అని పిలిచేది. ఆ లెక్కన నాకు మేనత్త. నేను అత్తా అనే పిలిచేదాన్ని. వాళ్ళమ్మ కూడా మా తాతకు గడ్డలు తెచ్చిందట. సన్నగా, చురుగ్గా, నడుస్తుంటే పరుగెత్తినట్టుండే మనిషి. నోరు మాత్రం మహా పొదుపు. అబ్బా ఎంత గట్టిగా అరిచినా విని ఊరుకొని, షర్బత్ గ్లాసు ఒకటి తాగి, కొంగుతో మూతి తుడుచుకొని వెళ్ళిపోయేది.

అలాంటి మనిషి ఒక ఏడు, ఇంకా ఎండలు ముదరక ముందే, చిన్న మూట ఒకటి తెచ్చి దించింది. విప్పి చూస్తే అన్నీ సన్నవే. లావు గడ్డ ఒక్కటీ లేదు. అబ్బా ముఖం ఎర్రబడింది.

"ఏందిది? అన్నీ బిడ్డలే! నీకు చెప్పి చెప్పి నా నోరు పడిపోతాండాది. ఇంగ నా అంగడికి రావద్దు, పో."

ఆమె ఈసారి ఊరుకోలేదు. మూట మళ్ళీ కట్టలేదు, షర్బత్ తాగలేదు. అబ్బా ముఖంలోకి చూసి, "నువ్వే ఒక మారు కొండకు రా అన్నా. వచ్చి సూడు. సూసినాక తిట్టు, పడతాను" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  అబ్బా సరే వస్తాను పొమ్మని గొణిగి లోపలికి వెళ్ళిపోయారు.

అబ్బాను కొండెక్కించటమంటే మాటలు కాదు. మోకాళ్ళ నొప్పి, పైగా భారీ మనిషి. అమ్మిన షర్బత్ కంటే తాగిన షర్బత్ ఎక్కువని అమ్మీ ఎప్పుడూ ఆడిపోసుకునేది. అదీగాక కొండకు ఎవరంటే వాళ్ళు పోవటానికి లేదు. ఎర్రచందనం దొంగల భయంతో గడ్డపార భుజాన వేసుకొని కనిపించిన ప్రతివాళ్ళనూ ఫారెస్టువాళ్ళు ఆపి అడుగుతారు. అత్త పోయి ఆ వైపు అడవి కాపలా చూసుకునే ఫారెస్టు ఆఫీసరమ్మతో మాట్లాడింది. ఆఫీసరమ్మ వయసులో చిన్నది, నా దగ్గర చదివిన పిల్లల ఈడు ఉంటుంది. ముసలాయన వస్తానంటే తానే వెంట వస్తానందట. అలా ఒక ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి బయల్దేరాం. అబ్బా తెల్లటి టోపీ పెట్టుకొని, చేతికర్ర పట్టుకొని, భుజాన తువ్వాలు వేసుకొని పెళ్ళికి పోతున్నట్టు తయారయ్యారు.

నేను పుట్టిందీ పెరిగిందీ ఈ కొండలు చూస్తూనే. మిద్దె మీద బట్టలు ఆరేస్తే కొండ కనపడుతుంది, బడికిటికీ తెరిస్తే కొండ కనపడుతుంది. లోపల ఏముందో మాత్రం ఎన్నడూ చూడలేదు. తిరుమల ఘాటు రోడ్డు మీద బస్సులో పోతూ చూసింది చూడటం కాదని ఆరోజే తెలిసింది. మొదట ఈతపొదలు, చండ్రచెట్లు, కంప. కొంచెం పైకి పోగానే మొసలి వీపులాంటి బెరడుతో ఎర్రచందనం చెట్లు, ఎండకు ఆకు రాలుస్తున్నవి. ఇంకా పైన బండల మధ్య తంబజాలారి చెట్లు. ఈ రెండూ మన ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఇంకెక్కడా ఇలా అడవిగా పెరగవని ఆఫీసరమ్మ చెప్పింది. ఒక బండ సందులో తడి చూపించి, బంగారు రంగు బల్లి ఒకటి ఇలాంటి చోటే పగలంతా దాక్కుంటుందని, దాన్ని చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారని అంది. మాకు అది కనపడలేదు. కొండముచ్చులు మాత్రం గుంపుగా నేరేడుచెట్టు మీద కూర్చొని మా అబ్బా ఆయాసాన్ని శ్రద్ధగా గమనించాయి.

"నన్ను సూసి నవ్వుతాండాయి" అన్నారు అబ్బా.

"నవ్వనీలే అన్నా, నువ్వు కూసో" అని అత్త నీళ్ళ సీసా ఇచ్చింది.

ఒక చోట నేల తవ్వి ఉంది. అబ్బా వెంటనే అత్త వైపు అనుమానంగా చూశారు. అది ఏదుపంది తవ్విందట. అదీ గడ్డలు తింటుంది, కొంత తిని కొంత వదిలేస్తుంది, అది గుల్ల చేసిన మట్టిలో వానకు గింజలు మొలుస్తాయి అని ఆఫీసరమ్మ వివరించింది. ఈ అడవిలో ఎవరు తినేది ఎవరికి విత్తనమవుతుందో చెప్పటం కష్టం, అందుకే ఒకదాన్ని తీసేసేముందు నాలుగు సార్లు ఆలోచించాలి అని కూడా అంది. పాఠం చెప్పినట్టు కాకుండా, ఇంట్లో మనుషుల సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు ఆ పిల్ల నచ్చింది.

చివరికి అత్త తన జాగాకు తీసుకెళ్ళింది. దక్షిణం వైపు వాలు, పెద్ద పెద్ద బండలు. వాళ్ళమ్మ తవ్విన వాలు, తర్వాత ఆమె తవ్విన వాలు. అక్కడ అన్నీ గుంటలే. కొన్ని కొత్తవి, కొన్ని పాతవై సగం పూడినవి. గుంట పక్కన చెట్టు మీద తీగ ఎండి పుల్లలా వేలాడుతూ ఉండటం ఒకటి రెండు చోట్ల చూశాను. మిగతాచోట్ల అది కూడా లేదు.

అబ్బా కర్రతో ఒక గుంటను పొడుస్తూ, "తీగ యాడ?" అని అడిగారు.

"తల్లిగడ్డ తీసినాక తీగ యాడుంటాదన్నా?"

"సన్నవి వదిలిపెట్టినావు గదా, పెరగనీ అని?"

"వదిలిపెట్టినాను. నువ్వు చెప్పినట్టే వదిలిపెట్టినాను. తల్లి లేకుండా అవి యాడ పెరుగుతాయి? లోపలే కుళ్ళిపోయినాయి."

 అత్త నేల మీద కూర్చొని, పుల్లతో మట్టిలో గీసి చూపించింది. తీగ మొదలు కింద ముంజేతి లావున ఊరేది తల్లిగడ్డ. దాని చుట్టూ పక్కలకు పోయేవి సన్నగడ్డలు. వాళ్ళమ్మ ఒక పక్కనే తవ్వి, వాటిలో ఒకటో రెండో కోసుకొని, మన్ను కప్పి, పైన ఒక రాయి పెట్టి వచ్చేదట. తల్లిని ముట్టేది కాదట. మరుసటేడు ఆ తీగ జోలికే పోయేది కాదట.

"మరి నువ్వెందుకు మాన్నావు?" అబ్బా గొంతు కీచుగా వచ్చింది.

"నువ్వు లావుది తెమ్మన్నావు గదన్నా. బిడ్డల్ని తెస్తే పాపమన్నావు. ఆ మాట ఇనేదానికి ఎంత బాగుండె! నాకూ నిజమేననిపించింది. మా అమ్మకు తెలీదులే, బిడ్డగడ్డలు తెచ్చి పాపం మూటగట్టుకుండాది అనుకున్నాను. ఇట్ల అయితాదని నాకు మాత్రం తెలుసా? వాలంతా ఖాళీ అయినాక గదా తెలిసింది."

అబ్బా పక్కనే ఉన్న బండ మీద కూలబడ్డారు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారని తెలిసింది. ఆయనను చూస్తే నాకు ఎంత జాలేసిందో చెప్పలేను. దురాశతో చేసి ఉంటే తిట్టటానికైనా వీలుండేది. దయతో చేశారు. దయ అనుకొని, జీవితమంతా, ఆ కొండకు తల్లి అన్నదాన్నల్లా తవ్వించి తెప్పించుకున్నారు. అంగట్లో తలలూపిన పెద్దమనుషులందరి మీదా నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. వాళ్ళలో ఒక్కరైనా కొండ మొహం చూసి ఉంటేగా!

ఆఫీసరమ్మ కేసులు, చట్టాలు అని మొదలుపెడుతుందేమో అని భయపడ్డాను. ఆ పిల్ల అబ్బా పక్కన బండ మీద కూర్చుంది. "అయిపోయింది అయిపోయింది పెద్దాయనా. ఇంకా ఆ పక్కన కొన్ని తీగలు ఉన్నాయి. వాలును కొన్నేళ్ళు ఎవరూ ముట్టకుండా వదిలేస్తే మళ్ళీ వస్తాయి. రానివ్వాలి" అంది.

అప్పుడు అత్త లేచి నిలబడింది. "ముట్టకుండా వదిలేస్తే నేను యాడికి పోవాల?" అని అడిగింది. "నా కొడుకు తిరుపతికి వచ్చేయమంటాండాడు, హోటల్లో గిన్నెలు కడిగే పనికి. నాకు ఈ వాలు తప్ప ఏమీ తెలీదు. అది పోతే నాదంతా పోయినట్టే."

  తీగ బతకాలి, ఆమె కూడా బతకాలి. రెండూ ఎలా అన్నదే మా అందరి ముందూ ఉన్న చిక్కు.

వాలు అంచున, తంబజాలారి చెట్టుకు చుట్టుకొని, ఆరోగ్యంగా ఉన్న తీగ ఒకటి ఆఫీసరమ్మ చూపించింది. దానికి ఆవుకొమ్ముల్లా జంటగా కాయలు వేలాడుతున్నాయి. ఈ తీగ పూసినంత కాయదట. పూలకు వచ్చే పురుగులు ఏవో చిన్నవి, అవి తగ్గితే కాయలూ తగ్గుతాయి. కాయ పగిలితే లోపల గింజలు దూదిపింజల్లా గాలికి ఎగిరిపోతాయి. గింజలు దొరకాలంటే పగలక ముందే గుడ్డ కట్టాలంది ఆఫీసరమ్మ. అబ్బా కన్నీళ్ళు తుడుచుకున్న తువ్వాలునే పీలికలుగా చింపి ఇచ్చారు. అత్త చెట్టెక్కి కాయలకు కట్టింది.

 ఇంటికొచ్చాక అబ్బా అన్నం ముందు కూర్చొని, "ఈ యేడు కొండగడ్డ మనకు వద్దు" అని అమ్మీతో అన్నారు.

"మరి అంగడి?" అంది అమ్మీ.

"ఉంటుంది."

"గడ్డ లేకుండా ఏం పోస్తారు, నా తలకాయా?"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది కానీ వాళ్ళిద్దరూ నవ్వలేదు. పక్క వీధి అంగళ్ళలో సీసాల్లో దొరికే వాసన నీళ్ళు కలిపి అమ్ముతున్నారని, ఎవరికీ తేడా తెలియటంలేదని అమ్మీ గుర్తు చేసింది. ఆ మాటతో అబ్బా కంచం ముందు నుంచి లేచిపోయారు.

దారి చూపించింది ఆఫీసరమ్మే. చంద్రగిరి పక్కన ఒక రైతు మామిడితోట గట్ల వెంబడి ఈ తీగను కొన్నేళ్ళ కిందటే పెట్టుకున్నాడు. అతని దగ్గర గడ్డలు కొన్నాం. అత్త కొండ గింజల్లో సగం తనకున్న కొద్దిపాటి చేను గట్ల మీద పెంచేటట్టు, మిగతా సగం బండల సందుల్లోనే చల్లేటట్టు, తన గడ్డలు చేతికొచ్చే వరకు మా అంగట్లో గడ్డలు శుభ్రం చేసే పని చేసేటట్టు అబ్బా ఏర్పాటు చేశారు. ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఆ ఫ్యాను గాలి కింద కూసోనుంటే నాకు తలనొప్పి వస్తాదన్నా" అంది. తర్వాత వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఫ్యాను ఆపించి మా అందరికీ చెమటలు పట్టించింది.

ఆ మామిడితోట గట్ల గడ్డతో చేసిన షర్బత్ మొదటిసారి కాచిన రోజు నాకు బాగా గుర్తుంది. అబ్బా గరిటెతో కొంచెం తీసుకొని తాగి, కళ్ళు మూసుకున్నారు.  బాగుందనాలని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"వాసన తక్కువే" అన్నారు.

నిజమే, తక్కువే. వీధి మలుపు దాకా రాలేదు. వయసు చాలని గడ్డ, నీళ్ళు తాగి పెరిగిన గడ్డ. దాన్ని దాచటానికి అబ్బా ఏలకులు వేయలేదు, ఇంకేదీ కలపలేదు. అలాగే గాజుసీసాల్లో నింపి అంగట్లో పెట్టారు. రంజాన్ మొదటి సాయంత్రం మసీదుకు అదే వెళ్ళింది.

పాతవాళ్ళు ఊరుకుంటారా? మొదటి గుక్కకే మొహం చిట్లించేవారు. ఎప్పుడూ వచ్చే ఒక ఆటో ఆయన గ్లాసు ఎత్తి వెలుతురులో పెట్టి చూసి, "ఏంది భాయ్, పలచబడిపోయినాది? చెయ్యి తిరగలేదా?" అన్నాడు.

"కొండకు ఒంట్లో బాగలేదప్పా" అన్నారు అబ్బా. "నేనే సెడగొట్టినాను. కోలుకునే వరకు ఇంతే. తాగితే తాగు, లేకుంటే లేదు."

ఆయన తెల్లబోయి చూశాడు, మళ్ళీ గ్లాసు నోటికి పెట్టుకున్నాడు. ఆ మాట అబ్బా అందరికీ చెప్పారు. అడిగినవాళ్ళకూ చెప్పారు, అడగనివాళ్ళకూ చెప్పారు. లావు గడ్డ మంచిదని తాను ఎలా నమ్మిందీ, తల్లిని ఎలా తవ్వించిందీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. నాకు సిగ్గేసేది. అంగట్లో కూర్చొని తన తప్పు తానే చాటింపు వేసుకునే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా అని అమ్మీ నెత్తి కొట్టుకునేది. జనం కొంత తగ్గారు. కొంతమంది మాత్రం ఎక్కువయ్యారు. ఒకాయన కొండ ఎట్లుండాది అని అడగటానికే వచ్చి, మాటల్లో పడి రెండు గ్లాసులు తాగి పోయేవాడు.

అత్త మొక్కల సంగతి అంత సులువుగా సాగలేదు. మొదటేడు ప్రేమ ఎక్కువై రోజూ నీళ్ళు పోసింది, సగం కుళ్ళిపోయాయి. బండల సందుల్లో చల్లిన గింజల్ని చీమలు చాలావరకు ఎత్తుకుపోయాయి. మొలిచినవాటి మీద ఒక వేసవిలో నిప్పు పడేదే. మేకల కోసం పచ్చిక రావాలని ఎవరో కింద గడ్డికి అగ్గి పెట్టారు. ఆఫీసరమ్మ మనుషులు ముందే వాలు చుట్టూ గడ్డి చెక్కి, ఆకు ఊడ్చి, వెడల్పుగా బాటలాగా నేల తేల్చి ఉంచారు. ఆ పనిలో అత్త కూడా ఉంది. మంట ఆ బాట దాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నమంతా పచ్చి కొమ్మలతో కొట్టి కొట్టి, పొగ చూరిన ముఖంతో మా అంగడికి వచ్చి, "మిగిలినాయన్నా" అంది. అబ్బా లేచి ఆమెకు స్వయంగా గ్లాసు అందించారు.

రెండో విడత మొక్కలు గట్ల మీద నిలబడ్డాయి. ఆమె చేను గడ్డలు చేతికి వచ్చే ఏటికి అబ్బా మంచాన పడ్డారు.

కడుపులో వ్యాధి. ఆ భారీ మనిషి పక్కబట్టల్లో కనపడకుండా పోయారు. అన్నం సహించేది కాదు, నీళ్ళు సహించేవి కాదు. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దనేవారు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మీ నన్ను వంటింట్లోకి పిలిచి, అత్తకు ఫోను చేయమంది. అంత కాలం అబ్బాతో పోట్లాడిన మనిషి అప్పుడు చాలా నెమ్మదిగా మాట్లాడింది. కొండ వాలు కోలుకుంటున్నది కదా, పాత తీగ బాగా ఊరి ఉంటుంది కదా, ఒక్క గడ్డ తెమ్మను, పాతకాలపు షర్బత్ ఒక్క గ్లాసు కాచి ఇస్తాను, అది తప్ప ఆయన నాలుకకు ఏదీ పట్టదు అంది. నేను కాదనలేదు. ఆ స్థితిలో అబ్బా కోసం కొండనంతా తవ్వమన్నా తవ్వమనే అనేదాన్ని. ఆఫీసరమ్మను కూడా అడిగాం. ఒక్క పక్కగడ్డ తీసుకోవచ్చు, తల్లి జోలికి పోవద్దు అని ఆమె ఒప్పుకుంది.

అత్త మరునాడే కొండెక్కింది. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. రోలు కడిగి సిద్ధంగా పెట్టుకొని కూర్చున్న అమ్మీ ఆమె చేతుల వైపు చూసింది. చేతులు ఖాళీ.

"ఏమైంది?" అన్నాను.

"తవ్వలేకపోయినాను పాపా" అంది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు. "గడ్డపార దించినాను. మన్ను తీసినాను. గడ్డ కనపడినాది. పైన ఎర్రగా చిగురు వచ్చిండాది, దాని పక్కనే రెండు పిల్లతీగలు మొలిచిండాయి, గింజ పడి తమంతట తామే. కోద్దామని కొడవలి పెట్టినాను వదినా, నిజ్జంగా పెట్టినాను. చెయ్యి రాలేదు. మన్ను కప్పేసి వచ్చినాను."

 నాకు కోపం తన్నుకొచ్చింది. ఇక్కడ మనిషి పోతుంటే అక్కడ వేరు కోసం జాలిపడతావా అని నోటి దాకా వచ్చింది. ఆ మాట రాకముందే లోపలి గదిలోంచి అబ్బా పిలిచారు. అన్నీ విన్నారు.

ఆమె వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ముఖం ఎత్తలేదు.

"తవ్వింటే నువ్వు ఈపాటికి తాగుతాంటివి గదన్నా" అంది. ఏడుస్తోంది.

"తాగుతాంటిని" అన్నారు అబ్బా. గొంతు వినపడీ వినపడనట్టుంది. ఆమె వైపు తల తిప్పి, "తాగినాక నిన్ను బాగా తిడతాంటిని" అన్నారు.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. అబ్బా ఆమె గట్టు మీద పండిన గడ్డతో కాచిందే తెమ్మన్నారు. అమ్మీ గ్లాసు తెచ్చింది, నేను తల కింద చెయ్యి వేసి లేపాను. రెండు గుక్కలు తాగారు. పిల్లతీగలు రెండేనా, సరిగ్గా చూసినావా అని అత్తను అడిగారు. సరిగ్గానే చూసినానని చెప్పింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పింది.

వానలు పడకముందే అబ్బా పోయారు. అమ్మీ ఇప్పటికీ ఆ గ్లాసు సంగతి తలుచుకొని, ఆ ఒక్క గడ్డా కోసుకొచ్చి ఉంటే ఏం పోయేది అంటుంది, అన్న వెంటనే తానే కళ్ళు తుడుచుకుంటుంది.  మొదటి వానలు వెలిశాక అత్తతో కలిసి ఆ వాలుకు వెళ్ళాను. పిల్లతీగలు రెండు కాదు, ఐదున్నాయి. చెప్పటానికి వెంటనే ఇంటికి ఫోను చేయబోయాను, వినాల్సిన అబ్బా లేరని అప్పుడు గుర్తొచ్చింది.